ఎస్ప్రెసో మెషిన్‌లో మామూలు కాఫీ గింజలు వెయ్యొచ్చా?

ఈ ఎపిసోడ్ ఒకే ఒక్క ప్రశ్న మీద. ఇంట్లోకి చిన్న ఎస్ప్రెసో మెషిన్ కొన్నాం. దానికి ‘ఎస్ప్రెసో బీన్స్’ అని రాసున్న ఖరీదైన ప్యాకెట్టే తెప్పించాలా? లేదంటే మన సిక్కోల్లోనో విజయనగరంలోనో కాఫీ పొడి కొట్లో దొరికే మామూలు గింజలు వేసెయ్యొచ్చా?

జవాబు ముందే చెప్పేస్తా. వెయ్యొచ్చు. కాకపోతే మూడు చూసుకోవాలి: చికోరీ ఉండకూడదు, వేయించి ఎక్కువ రోజులు అవ్వకూడదు, పొడి మెషిన్‌కి తగ్గట్టు ఉండాలి. ఈ మూడూ పట్టించుకోకపోతే, వేలు పోసి కొన్న మెషిన్ నెల తిరక్కుండానే అటకెక్కేస్తుంది.

ఫస్ట్ ఒక మాట. ఎస్ప్రెసో అనే కాఫీ చెట్టు ఎక్కడా లేదు. మనం తాగే కాఫీ దాదాపు అంతా రెండు రకాలే, అరబికా, రోబస్టా. ఎస్ప్రెసో అనేది కాఫీ తీసే పద్ధతి పేరు. మెత్తటి పొడిలోంచి సుమారు 9 బార్ల ప్రెషర్‌తో వేడి నీళ్లు తోస్తే, అరనిమిషంలో దిగే చిక్కటి డికాషన్ అది. ప్యాకెట్ మీద ఆ పేరుందంటే, ఈ పద్ధతికి బాగుంటుందని ఆ కంపెనీ అనుకుంది, అంతే. ఇంకో సంగతేంటంటే, మన దేశం కాఫీని అందరికంటే ఎక్కువ కొనేది ఇటలీయే. సో, ఇటలీ ప్యాకెట్ అని మురిసిపోయి కొన్నదాంట్లో కర్ణాటక రోబస్టా ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

మనకైతే తోటలే పక్కన ఉన్నాయి. విజయనగరం నుంచి ఎస్.కోట మీదుగా ఘాట్ ఎక్కండి. అనంతగిరి దగ్గరే సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య కాఫీ మొక్కలు కనిపిస్తాయి. అరకు అరబికాకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. గిరిజన రైతులు పండించిన గింజల్ని గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, కొని అమ్ముతుంది. 2017లో పారిస్‌లో అరకు కాఫీ షాపు కూడా తెరిచారు. పారిస్ దాకా వెళ్లిన గింజ మనింట్లో మెషిన్‌కి పనికిరాదేటి? అరకు టూర్‌కి వెళ్తే ఒక ప్యాకెట్ తెచ్చుకోండి. చాక్లెట్ పూసిన గింజలు మాత్రం నోట్లోకే, గ్రైండర్‌లోకి కాదు!

ఇప్పుడు చికోరీ. మనిళ్లల్లో ఫిల్టర్‌కి వాడే పొడిలో చాలావాటికి ఇది కలిసే ఉంటుంది. చికోరీ అంటే ఒక మొక్క వేరు. వేయించి పొడి చేసి కలుపుతారు. ఫిల్టర్‌లో అది రంగు, చిక్కదనం ఇస్తుంది, బానే ఉంటుంది. మెషిన్‌లో మాత్రం తడవగానే జిగురుగా అయ్యి సన్న కన్నాల్ని మూసేస్తుంది. నీళ్లు దిగవు, పంపు మీద భారం పడుతుంది. అందుకే ప్యాకెట్ వెనక్కి తిప్పండి. రూల్ ప్రకారం చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఏది ఎంత శాతమో రాసి తీరాలి.

కొట్లో ఇలా అడగండి: “బాబాయ్, ప్లాంటేషన్ ఎ గింజలు పావు కిలో ఇవ్వు. పొడి కొట్టొద్దు. ఎప్పుడు వేయించారు?” ప్లాంటేషన్ ఎ అంటే పండు గుజ్జు తీసి, కడిగి ఆరబెట్టిన అరబికాలో పెద్ద సైజు గింజ. పీబెర్రీ అయినా పర్లేదు. పండులో రెండు గింజలకు బదులు ఒకటే గుండ్రంగా ఉంటే అదే పీబెర్రీ. వేయించి వారం నుంచి నెల లోపు అయితే బెస్ట్. మరీ పాతబడితే పైన వచ్చే నురగ, అదే క్రెమా, పల్చబడిపోతుంది. మనది సముద్రం గాలి, తేమ ఎక్కువ. గాలి దూరని డబ్బాలో పెట్టుకోండి. ఇంట్లో అందరూ పాలతోనే తాగుతారా? కొంచెం రోబస్టా కలిపించుకోండి. చేదు, క్రెమా రెండూ పెరుగుతాయి, పాలల్లో రుచి తేలిపోదు. నల్లగా మాడి నూనె కారే గింజలు మాత్రం వద్దు. గ్రైండర్‌కి అంటుకుపోతాయి.

అసలు కథ గ్రైండర్‌ది. మిక్సీ వద్దు. మిక్సీలో కొంత దుమ్ము, కొంత రవ్వ వస్తుంది. ఒకే కప్పులో చేదూ పులుపూ రెండూ తగుల్తాయి. ఎస్ప్రెసో అంత మెత్తగా తిరిగే చేతి గ్రైండర్ అయినా చాలు. గ్రైండర్ కొనే వరకు? మెషిన్‌తో వచ్చిన జల్లెడ గిన్నె అడుగు చూడండి. బయటివైపు ఒకే చిన్న కన్నం ఉంటే అది ప్రెషరైజ్డ్ రకం. దాంట్లో చికోరీ లేని రెడీమేడ్ పొడితో కూడా నడిచిపోతుంది. అడుగంతా కన్నాలే ఉంటే మాత్రం గ్రైండర్ తప్పదు.

లెక్క రాసుకోండి. డబుల్ షాట్ గిన్నెలో 18 గ్రాముల పొడి వేస్తే, 25 నుంచి 30 సెకన్లలో సుమారు 36 గ్రాముల కాఫీ దిగాలి. పది సెకన్లలోనే కారిపోయి పుల్లగా ఉందా? ఇంకా మెత్తగా తిప్పండి. 45 సెకన్లు దాటి చుక్కచుక్కగా చేదుగా వస్తోందా? కొంచెం బరకగా తిప్పండి. కోడ్‌లో బగ్ పట్టినట్టే, ఒకసారి ఒక్కటే మార్చాలి. పొడి బరువు, గ్రైండ్ రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. పావు కిలోకి 13 షాట్లు వస్తాయి. కొత్త ప్యాకెట్‌లో మొదటి మూడు నాలుగు సెట్టింగ్‌కే పోతాయి. అందుకే ఖరీదైన గింజతో ఈ ప్రాక్టీస్ వద్దనేది.

బాక్స్ మీద ‘15 బార్’ అనే అంకె చూసి పడిపోకండి. అది పంపు గరిష్ఠ శక్తి. రుచి తేల్చేది గింజ తాజాదనం, గ్రైండ్.

సో ఫ్రెండ్స్, మీ దగ్గర ఇంకో మూడు నాలుగు వేలు ఉంటే ఫారిన్ ప్యాకెట్ల మీద కాదు, గ్రైండర్ మీద పెట్టండి. గింజ మన కొండ మీదే ఉంది. మెషిన్ అటకెక్కించిన ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ వీడియో పంపండి, కిందకి దింపుతాడు. నచ్చితే లైక్ చేయండి, సబ్‌స్క్రైబ్ చేసుకోండి. ఉంటా మరి, బై!