నెలలు నిండని శిశువులు - బంధుజనుల విధి



విద్యాభివృద్ధి, వివాహ వ్యయముల తగ్గింపు, విద్యార్థి వసతిగృహములు మున్నగు ఘన విషయములను చర్చించు నీ వేదికపై మేము మిక్కిలి చిన్న ప్రాణిని గూర్చి మాటలాడ నెంచితిమి. పుట్టిననాడు ఆ ప్రాణి బరువు 1,280 గ్రాములు. ఆమె మా కొమార్తె. గర్భమున 30 వారములు మాత్రమే యుండి, పుట్టిన పిమ్మట 46 దినములు ఆసుపత్రిలో గడపి, నేడు ఈ పందిటిలోనే మీ పిల్లలతో నాడుకొనుచున్నది. మా కష్టములు చెప్పుకొనుట మా యుద్దేశము కాదు. ఆ దినములలో మేము నేర్చినది సంఘమునకు పనికివచ్చునని తోచి మనవి చేయుచున్నాము.

37 వారములు నిండకమునుపు పుట్టిన శిశువును నెలలు నిండని శిశువందురు. 2020వ సంవత్సరమున లోకమున సుమారు 1 కోటి 34 లక్షల మంది యిట్లు జన్మించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అంచనా. తల్లికి రక్తపు పోటు హెచ్చుట, అంటురోగములు, కవల గర్భము దీనికి గల కారణములలో కొన్ని. పెక్కుమార్లు కారణమే తెలియదు. అయినను మన యిండ్లలో ముందుగా దొరకు దోషి తల్లియే. బరువులెత్తినదనియు, గ్రహణమునాడు గడప దాటినదనియు మేమును వింటిమి. మా యింటి పెద్దావిడ వ్రేళ్లపై నెలలు లెక్కించి, "ఏడో నెల గుంట బతుకుతాది గానీ, ఎనిమిదో నెల గుంట బతకదంట" అని కన్నీరు పెట్టుకొన్నది. ఆమె మాటలో ద్వేషము లేదు, భయమే యున్నది. కాని ఆ లెక్క తప్పు. గర్భమున గడచు ప్రతి వారమును శిశువు ఊపిరితిత్తులకు బలము చేకూర్చును. ఏడవ నెల బిడ్డకంటె ఎనిమిదవ నెల బిడ్డకే బ్రతుకు ఆశ యెక్కువ.

ఇట్టి శిశువునకు చర్మము క్రింద క్రొవ్వు చాలదు. కావున వేడి నిలువదు. చప్పరించుట, మ్రింగుట, ఊపిరి తీయుట అను మూడును ఒక్కసారి పొందికగా చేయు నేర్పు సుమారు 34 వారములకు గాని రాదు. అందుచే బిడ్డను గాజుపెట్టెలో నుంచి, తల్లిపాలను మొదట సన్నని గొట్టము ద్వారా కడుపులోనికి పంపుదురు. తరువాత ఉగ్గుగిన్నెతో పట్టుదురు. మొదటి దినములలో బరువు తగ్గుటయు కలదు. ఇది తెలియక మేము రెండు రాత్రులు నిద్రపోలేదు.

అయిదవ దినమున బాలింతను ఇంటికి పంపిరి. బిడ్డ మాత్రము లోపలనే యుండెను. మా గ్రామమునుండి బస్సుపై రెండున్నర గంటల ప్రయాణము. రెండు మూడు గంటల కొకసారి, రాత్రియందును, పాలు పిండి ఇయ్యవలసియుండగా, ఆ రాకపోకల అలసటచేత వారము తిరుగకమునుపే పాలు సన్నగిల్లినవి. అప్పుడు దూరపు బంధువొకరు ఆసుపత్రి వీథిలో తమ మేడక్రింది గది మాకిచ్చిరి. అద్దె పుచ్చుకొనలేదు. పూటకింత వేడి యన్నము పంపిరి. నాలుగు దినములలో పాలు మరల పడినవి. వైద్యుల కృషి అపారము, దాని నెన్నడును మరువము. కాని ఆ గదియే లేకున్న వైద్యుల కృషికి తల్లిపాలు తోడుపడి యుండవు.

పదునెనిమిదవ దినమున నర్సమ్మగారు "కంగారూ సంరక్షణము" మొదలిడుడని చెప్పగా, పేరు వినియే మాకు కంగారు పుట్టినది. పని మాత్రము సులువు. బిడ్డను వస్త్రము లేకుండ తల్లి రొమ్ముపై నిలువుగా నానించి, పైన గుడ్డ కట్టుటయే. 1978లో కొలంబియా దేశపు బొగొటా నగరమున గాజుపెట్టెలు చాలనందున డాక్టరు ఎడ్గార్ రే దీనిని ప్రారంభించెను. మన దేశముతో గూడ అయిదు దేశములలో జరిగిన పరీక్ష ఫలితములు 2021లో వెలువడినవి. పుట్టిన వెంటనే ఇట్లు చేయుటచే శిశుమరణములు సుమారు నాల్గవవంతు తగ్గెనని అందు తేలినది. దినమునకు 8 మొదలు 24 గంటల వరకు చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఉపదేశించినది. తల్లి అలసినపుడు తండ్రి చేయవచ్చును, అమ్మమ్మయు చేయవచ్చును. ఎనిమిదవ నెల గుంట బతకదన్న ఆ పెద్దావిడయే మధ్యాహ్నములందు రెండేసి గంటలు మా బిడ్డను గుండెపై నుంచుకొని, కదలక, పలుకక కూర్చుండెడిది.

ఇంటికి వచ్చిన పిదప కొన్ని ఆచారములను ఆపవలసివచ్చెను. వేడినీళ్లు కుమ్మరించి స్నానము చేయింపలేదు. సాంబ్రాణి పొగ వేయలేదు. తేనెగాని ఆముదముగాని నాకింపలేదు. బారసాల మూడు నెలలు ఆగినది. చూడవచ్చినవారు గుమ్మము వెలుపలనే దీవించిరి. మరియొక ముఖ్యవిషయము: 34 వారములకు ముందుగాని, 2 కిలోలకు తక్కువ బరువుతోగాని పుట్టిన శిశువునకు 30 దినములలోపల కంటి పరీక్ష చేయింపవలెను. ఆలస్యమైనచో చూపే పోవచ్చును.

ఇక మా కోరికలు. ఇచ్ఛాపురము, పలాస, సాలూరు, పార్వతీపురము వైపుల తల్లులు శ్రీకాకుళము సర్వజనాసుపత్రికిని, విజయనగరము ఘోషాస్పత్రికిని, ఇంకను కష్టమైనచో విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికిని పోవుదురు. ప్రభుత్వాసుపత్రులలో జబ్బుపడిన శిశువులకు మందులు, పరీక్షలు, రవాణా ఉచితముగా నిచ్చు జననీ శిశు సురక్షా కార్యక్రమము 2011 నుండి కలదు. కాని నెలన్నర తల దాచుకొనుటకు చోటు, వేడి యన్నము, ఇంటివద్ద మిగిలిన పిల్లలను చూచు దిక్కు బంధుజనులే సమకూర్పవలెను. మా ప్రక్క గాజుపెట్టెలోని బిడ్డ తల్లి, ఇంట ఇద్దరు పసివారు ఒంటరిగా నున్నారని పదవ దినమున బస్సెక్కిపోయినది. మరల ఆమెను మేము చూడలేదు.

కావున మన విద్యార్థి వసతిగృహములు గల పట్టణములలో ఒక్కొక్క గదిని ఇట్టి తల్లులకై ప్రత్యేకింపుడని పోషకులను వేడుచున్నాము. గది మన సంఘముదే గాని, గడప దాటు తల్లిని కులమడుగవలదు. గాజుపెట్టెల వరుసలో ఏ బిడ్డ యెవరిదో మేము నడుగలేదు. యువకులు వంతులవారీగా అన్నము చేరవేయవలెను. పెద్దలు నిందలు మాని, వీలైనచో తమ గుండె వెచ్చదనము నరువీయవలెను.

మా బిడ్డ పెరుగుదల దినమునకు పది పదునైదు గ్రాములు. ఒక్కొక్క దినము అదియు లేదు. ఆ గ్రాములను లెక్కించుచు నాసుపత్రి అరుగుపై కూర్చున్న తలిదండ్రులు ఈ రాత్రియు నుందురు. మహాసభ ముగించి ఇండ్లకు మరలునపుడు వారిని తలంపవలెనని ప్రార్థించుచున్నాము.