తాళం వేసిన ఇల్లు, పగిలిన పైపు



అల్ వక్రాలో ఉండేవాడు గడ్డకట్టే చలి గురించి మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. దోహాకి దక్షిణంగా సముద్రపు ఒడ్డున ఉన్న మా ఊళ్లో చలికాలమంటే సాయంత్రం ఒక స్వెటరు, అంతే. కానీ నేను 2020లో ఖతార్ వెళ్లింది డాలస్ దగ్గరున్న మా ఇంటికి తాళం వేసి. రెండేళ్లలో తిరిగి వచ్చేస్తాం కదా, అద్దెకివ్వడం ఎందుకు అనుకున్నాం.

2021 ఫిబ్రవరి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 15వ తేదీ తెల్లవారుజామున, గ్రిడ్ మొత్తం కూలిపోకుండా టెక్సస్‌లో కరెంటు కోతలు మొదలుపెట్టారు. 45 లక్షలకు పైగా ఇళ్లు, వ్యాపారాలు చీకట్లో పడ్డాయి. మర్నాడు డాలస్ విమానాశ్రయంలో మైనస్ 19 డిగ్రీల సెల్సియస్. 246 మంది చనిపోయారని రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క తేల్చింది. ఇళ్ల నష్టం గురించి చెప్పుకునే ముందు వారిని తలచుకోవాలి.

అక్కడ చాలా ఇళ్లలో నీటి పైపులు అటక మీదుగా వెళతాయి. నీరు గడ్డకడితే వ్యాకోచిస్తుందని మనం హైస్కూల్లోనే చదువుకున్నాం. పైపు చలిలో పగులుతుంది; మంచు కరిగాక కారుతుంది. ఆ శనివారం మా ఊళ్లో అర్ధరాత్రి వేళ తోడల్లుడు ఫోన్ చేశాడు. “అన్నయ్యా, మీ హాల్లో సీలింగు కింద పడి ఉంది” అన్నాడు.

వాళ్లింట్లోనూ అటకమీద పైపు పగిలింది. అతను మొదట మెయిన్ వాల్వు కట్టాడు. ప్రతి గదీ వీడియో తీశాడు. పగిలిన పైపు ముక్క, తడిసిన కార్పెట్ ముక్క దాచిపెట్టాడు. ఫ్యాన్లు, హోటల్ రసీదులు ఒక కవరులో వేశాడు. కంపెనీ మొదట డిడక్టబుల్, తరుగుదల తీసేసి ఒక చెక్కు పంపింది. పనులు పూర్తయ్యి బిల్లులు చూపించాక తరుగుదల సొమ్ము కూడా ఇచ్చింది.

నా ఇంటికీ అతను ఇవన్నీ చేశాడు. కంపెనీ నన్ను రెండు ప్రశ్నలు అడిగింది. ఇంట్లో హీటింగు ఆన్‌లో ఉందా? గ్యాసు, కరెంటు బిల్లులు పంపాను, ఒప్పుకున్నారు. ఇంట్లో ఎవరుంటున్నారు? ఇక్కడ దొరికిపోయాను. నా పాలసీ “యజమాని నివసించే ఇంటి”కి రాసినది. ప్రీమియం నెలనెలా కట్టాను గాని, ఖతార్ వెళ్లినట్టు వాళ్లకు చెప్పలేదు. క్లెయిము తిరస్కరించారు. 40 వేల డాలర్లు, మా గల్ఫ్ పొదుపంతా, ఆ సీలింగుకూ గోడలకూ పోయింది.

కాబట్టి నా మనవి. ఇల్లు అద్దెకిచ్చినా, ఖాళీగా వదిలినా, ఆ సంగతి ఏజెంటుకు ఈమెయిల్ రాయండి; తగిన పాలసీకి మారండి. ప్రీమియం కొంచెం పెరగవచ్చు, పెరగనివ్వండి. చలికాలంలో ఖాళీ ఇంట్లో హీటింగైనా ఉంచండి, లేదా మెయిన్ కట్టి పైపుల్లో నీళ్లన్నీ ఖాళీ చేయండి. ఈ రెంటిలో ఒకటి చేయకపోతే గడ్డకట్టిన నష్టానికి చాలా పాలసీలు పైసా ఇవ్వవు.

నష్టం జరిగితే వెంటనే తెలియజేయండి. టెక్సస్ చట్టం ప్రకారం కంపెనీ మామూలుగా 15 రోజుల్లో క్లెయిము అందిందని జవాబివ్వాలి. పెద్ద తుఫానులప్పుడు గడువు మరో 15 రోజులు పెరుగుతుంది. ఫోన్లో మాట్లాడినవన్నీ అదే రోజు ఈమెయిల్లో రాసి పెట్టుకోండి. “మీ డిడక్టబుల్ మేమే చూసుకుంటాం” అని తలుపు తట్టే కాంట్రాక్టరును నమ్మకండి. 2019 నుంచి టెక్సస్‌లో అది నేరం.

ఈ రాత్రి హోటల్ గదికి వెళ్లాక పాలసీ మొదటి పేజీ ఒకసారి తెరవండి. ఆ ఇంట్లో ఎవరుంటున్నారని రాసి ఉందో, నిజంగా ఎవరుంటున్నారో సరిచూసుకోండి. తేడా ఉంటే పడుకునే ముందే ఈమెయిల్ పంపండి. నాకు ఐదు నిమిషాల పని అది. చేయలేదు.