మైనం ముఖాలు, మన రంగు

(విజయవాడ వన్ టౌన్‌లో పిల్లల బొమ్మల పోటీ ముగిశాక చేసిన ప్రసంగం)



పొద్దున్నుంచి మీ పిల్లలు నేల మీద కూర్చుని బాబాసాహెబ్ బొమ్మలు వేశారు. అన్నీ చూశాం. కోటు నీలం, చేతిలో పుస్తకం, ఎక్కడా తప్పు లేదు. ముఖం మాత్రం సగానికి పైగా బొమ్మల్లో లేత గులాబీ! ఇదేం రంగమ్మా అంటే "స్కిన్ కలర్ సార్" అంది ఒక పాప. కాగితం మీదున్న ఆ పాప చెయ్యి వేరే రంగు.

తప్పు పిల్లలది కాదు. సినిమా పోస్టరు, క్రీము డబ్బా నేర్పినదే. పంతుళ్ళం మేమూ "ముఖానికి స్కిన్ కలర్ వెయ్యండర్రా" అన్నవాళ్ళమే. ఒప్పుకుంటున్నాం.

ఈ క్రేయాన్ అంటే ఏమిటి? మైనంలో రంగుపొడి కలిపి పోసిన పుల్ల. ఇప్పుడది పెట్రోలియం నుంచి తీసిన మైనం. రెండు వేల ఏళ్ళ కిందట ఈజిప్టులో, ఫాయుం అనే చోట, తేనెపట్టు మైనంతోనే ముఖాలు వేసేవారు. మైనం కరిగించి, రంగుమట్టి కలిపి, కుంచెతో, లోహపు పుల్లతో పల్చటి చెక్క మీద వేయడం. మనిషి పోయాక ఆ చెక్కను శవం ముఖం మీద పెట్టి గుడ్డతో చుట్టేవారు. మైనంవీ, జిగురు రంగులవీ కలిపి అలాంటివి సుమారు 900 దొరికాయి. ఎడారి పొడి ఇసుక కాపాడింది. ఆ ముఖాల్లో చామనచాయవాళ్ళున్నారు, గోధుమ రంగువాళ్ళున్నారు, బాగా నల్లనివాళ్ళూ ఉన్నారు. వేసినవాళ్ళ పేర్లు దాదాపు ఏవీ మిగల్లేదు.

పని చేసిన చేతికి పేరు లేకపోవడం మనకేం కొత్త? మన బందరు కలంకారీ చూడండి. నీలి అంటకూడని చోట వేడి మైనం పూసి, గుడ్డను నీలి తొట్టిలో ముంచి, తర్వాత మరిగే నీళ్ళలో మైనం వదిలించేవారు. ఆ గుడ్డలు డచ్చి, ఇంగ్లీషు ఓడలెక్కి పోయాయి. ఇప్పుడు యూరప్ మ్యూజియాల్లో అద్దాల వెనకున్నాయి. ఎవరు వేశారో రాసి లేదు.

ఒక్క మాట దాచకూడదు. ఫాయుంలో ముఖం వేయించుకున్నది ఎక్కువగా డబ్బున్న ఇళ్ళవాళ్ళే. కూలివాడికి చెక్కెక్కడిది? మన మాలపల్లెలో, మాదిగపల్లెలో ముత్తాత ఫొటో ఎన్ని ఇళ్ళల్లో ఉంది? చాలామందికి రేషన్ కార్డు మీదదే మొదటి ఫొటో. అందుకే పిల్ల వేసిన బొమ్మ మాకు ఆటగా కనపడదు. ఆ ఇంటికి అదే తొలి చిత్రపటం. అందులోనే రంగు మార్చేసుకుంటే ఎలా?

అమెరికాలో క్రేయోలా కంపెనీ గులాబీ పుల్లకి 'ఫ్లెష్' అని, అంటే ఒంటి రంగని పేరు పెట్టింది. ఎవరి ఒళ్ళు? నల్లవారి పౌరహక్కుల పోరాటం నడుస్తున్న రోజుల్లో, 1962లో, ఆ పేరు తీసేసి 'పీచ్' అని పండు పేరు పెట్టారు. 1999లో 'ఇండియన్ రెడ్' పేరు కూడా పోయింది. అది ఇండియా ఎర్రమట్టి నుంచి వచ్చిన పేరే. కానీ పిల్లలు దాన్ని అక్కడి మూలవాసుల ఒంటి రంగు అనుకుంటున్నారని టీచర్లు అభ్యంతరం చెప్పారు. పంతుళ్ళు అడిగితే మారిందన్నమాట!

ఇక పని మాట. ముందు బ్రౌన్ మెత్తగా పూయండి. పైన కాస్త ఆరెంజ్, పల్చగా నలుపు. వేలితో రుద్దండి. చామనచాయ వస్తుంది. మధ్యాహ్నం ఇది చూపిస్తే ఆ పాప కొత్త కాగితం తీసుకుని, మార్కెట్లో హమాలీ చేసే వాళ్ళ నాన్నని వేసింది. "ఇంకా నలుపు సార్ మా నాన్న" అని ఇంకో పూత పూసింది.

పెట్టెకి బ్రౌన్ పుల్ల ఒక్కటే ఉంటోంది. సాయంత్రానికి అన్నీ అరిగిపోయాయి. వచ్చే పోటీకి ఊరూరి సంఘాలవాళ్ళు పెట్టెలతోపాటు బ్రౌన్ పుల్లలు విడిగా పట్టుకురండి.