ఊరి నీళ్లు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన మొఘల్‌పురాలో నలుగురు రిటైరైన వాళ్లు చాయ్ దగ్గర కూర్చుంటే ఒక మాట తప్పకుండా వస్తుంది. "ఈ హారన్ల మోతలో ఇంకెన్నాళ్లండీ? ఊళ్లో నాలుగు గుంటలు కొనుక్కొని, వేపచెట్టు కింద మంచం వేసుకుంటే చాలు. మంచి గాలి, మంచి నీళ్లు." మొన్న ఒక మిత్రుడు ఫామ్ ప్లాట్ల కాగితం తెచ్చి చూపించాడు. రంగుల బొమ్మలో బావి కూడా ఉంది. ఆయనను నేను నవ్వలేను. ఆ మాట అందరికంటే ముందు అన్నవాణ్ణి నేనే.

మాది నల్లగొండ జిల్లా, ఇప్పటి మర్రిగూడ మండలంలో ఒక చిన్న ఊరు. 1971లో గుమాస్తా ఉద్యోగం వచ్చి పట్నం చేరాను. ముప్పై ఏడేళ్లు ఫైళ్ల మధ్య కూర్చొని కూడా నా మనసులో ఊరంటే మా మోటబావి నీళ్లే. 2008లో రిటైరయ్యాను. దసరా వెళ్లగానే సామాను లారీకెక్కించి, మా ఆవిడతో ఊరికి పోయాను.

మొదటి రోజు తెల్లవారి మా ఆవిడ బోరింగు దగ్గర బిందె పెట్టింది. తమ్ముడి భార్య పరుగున వచ్చి, "అక్కా, అవి తాగేటివి కావు. బట్టలకు, బాసండ్లకే" అన్నది. మరగబెడితే సరిపోదా అన్నాను. మరగబెడితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదని ఆ పల్లెటూరి పిల్ల నాకు చెప్పవలసి వచ్చింది. మా మోటబావి ఎప్పుడో ఎండిపోయింది. బావులు ఎండినకొద్దీ బోర్లు లోతుకు దింపారు. అక్కడి గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ ఆ నీళ్లలో కరిగి వస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. ముందు పళ్లకు గార పడుతుంది, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి.

మా తమ్ముడికి అప్పటికి యాభై దాటలేదు. నడుము వంగిపోయింది, మెడ తిరగదు. పక్కనున్నవాణ్ణి చూడాలంటే మనిషే మొత్తం తిరగాలి. ఏటా పండుగకు పోయి చూస్తూనే ఉన్నాను. పొలం పని కదా అనుకున్నాను. అన్నం తిని, ఫోటో దిగి, సాయంత్రం బస్సుకు వచ్చేవాణ్ణి.

ఒకనాడు వాడే అన్నాడు: "అన్నా, సాగర్ రోడ్డెంబడి పెద్ద పెద్ద పైపులు ఏసిన్రు చూసినవా? అవి మీ పట్నానికే." నిజమే. 2004లో కృష్ణా నీళ్లు హైదరాబాదుకు వచ్చాయి. అక్కంపల్లి రిజర్వాయరు నుంచి కోదండపూర్‌లో శుద్ధి చేసి, నూరు కిలోమీటర్లకు పైగా తెస్తారు. పట్నానికి కృష్ణమ్మ వచ్చిందని ఆనాడు మా గల్లీలో మిఠాయి పంచినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ పైపులు ఏ జిల్లా మీదుగా వచ్చాయని ఒక్కసారి అడగలేదు. నల్లగొండ పేరు మీదనే ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి 1970లలోనే వచ్చింది. నాగపూర్ శాస్త్రజ్ఞులు పటిక, సున్నంతో చేశారు. పుస్తకాల్లో పేరు ఉంది, మా ఇంట్లో మాత్రం డబ్బా నీళ్లు కొన్నారు.

ఎనిమిది నెలలు ఉన్నాం. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. వయసువో నీళ్లవో చెప్పలేను, భయం మాత్రం పట్టుకుంది. తిరిగి వస్తామంటే తమ్ముడు ఒక్క మాట అనలేదు. "నీకు పోనీకి ఇల్లుంది గదా అన్నా" అని మాత్రం అన్నాడు. ఆ మాట నేటికీ గుచ్చుకుంటుంది.

ప్లాటు కొనే మిత్రుణ్ణి బోరు నీళ్లు పరీక్ష చేయించావా అని అడిగాను. క్లబ్ హౌస్ ఉందట.

2016లో మిషన్ భగీరథ మొదలైంది. ఆ తరువాత మా ఊళ్లోనూ ఇంటింటికి నల్లా వచ్చింది, కృష్ణా నీళ్లే. ఇప్పుడు పోతే తమ్ముడు నల్లా తిప్పి నాకు గ్లాసు నింపి ఇస్తాడు. తల వెనక్కి వాలదు కనుక, తాను మాత్రం గిన్నెలో పోసుకొని, వంగి తాగుతాడు.