ఇంట్లో కిరసనాయిలు: కొనడంలోనూ దాచడంలోనూ విజ్ఞానం



సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో మరమగ్గాల చప్పుడుతో పాటు తెలుగు మాటలూ వినిపిస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు అనేకం ఆ నగరంలో స్థిరపడ్డాయి. అక్కడి పెద్దవారిని అడిగి చూడండి. రేషన్ దుకాణం ముందు డబ్బా పట్టుకుని వరుసలో నిలబడిన రోజులు చెబుతారు. కొందరు కిరసనాయిలు అంటారు, కొందరు గ్యాసునూనె అంటారు, గుజరాతీలో ఘాసలేట్ అంటారు. పేరు ఏదైనా నూనె స్వభావం ఒకటే.

నేడు సూరత్‌లో చాలా ఇళ్లకు గొట్టాల ద్వారా గ్యాసు వస్తోంది. రేషన్ కిరసనాయిలుకు కేంద్రం ఇచ్చే రాయితీ 2021 నాటికి లేకుండా పోయింది. అయినా యంత్ర భాగాలు కడగడానికో, కరెంటు పోతే దీపానికో ఒక సీసాడు నూనె కొన్ని ఇళ్లలో ఉంటూనే ఉంది. వాడకం తగ్గిన చోట జాగ్రత్త కూడా మరుగున పడుతుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

కిరసనాయిలు అంటే ఏమిటి? ముడిచమురును అంశిక స్వేదనం చేసినప్పుడు సుమారు 150 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ మధ్య మరిగే హైడ్రోకార్బన్ల మిశ్రమం ఇది. ద్రవంగా ఉన్న నూనె మండదు. దాని ఆవిరి గాలితో కలిసి మండుతుంది. నిప్పు చూపగానే భగ్గుమనేంత ఆవిరి ఏ కనీస ఉష్ణోగ్రత వద్ద తయారవుతుందో దానిని ఫ్లాష్ పాయింటు అంటారు.

ఇప్పుడు జపాన్ సంగతి చూద్దాం. అక్కడ చలికాలంలో గదులను వెచ్చబరచడానికి కిరసనాయిలు హీటర్లు విరివిగా వాడతారు. 18 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలలో నూనె కొనుక్కుంటారు. మంచు ఎక్కువగా కురిసే హొక్కైడోలో ఇంటి బయట 490 లీటర్ల ట్యాంకులు కూడా ఉంటాయి. అక్కడి ప్రమాణం ప్రకారం ఫ్లాష్ పాయింటు 40 డిగ్రీలకు తగ్గకూడదు. మన భారత ప్రమాణంలో ఆ హద్దు 35 డిగ్రీలు. సూరత్‌లో వేసవిలో కొన్ని రోజులు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. అంటే చలికాలపు జపాన్‌లో ఆవిరి అంతగా రాని నూనె, మన రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తూ ఉంటుందన్న మాట! ఆ ఆవిరి గాలి కంటే బరువైనది కనుక నేల మీదుగా పాకి దూరంగా ఉన్న పొయ్యిని కూడా చేరగలదు.

కాబట్టి నూనెను మూత గట్టిగా బిగుసుకునే డబ్బాలో, నీడలో, పొయ్యికి దూరంగా ఉంచాలి. అంచు వరకు నింపకూడదు. ఎందుకు? కిరసనాయిలు ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు వెయ్యో వంతు వ్యాకోచిస్తుంది. 10 లీటర్ల డబ్బా 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. చోటు లేకపోతే పొంగి కారుతుంది. ఎండ తగిలిన పాత నూనె ఆక్సీకరణం చెంది పసుపు రంగుకు తిరుగుతుంది, పుల్లని వాసన వేస్తుంది. దానితో వత్తికి జిగురు పట్టి పొగ వస్తుంది. అందువల్ల అవసరానికి మించి కొనవద్దు.

కొనేటప్పుడు పెట్రోలు కలిసిందేమో గమనించాలి. పెట్రోలు ఫ్లాష్ పాయింటు సున్నాకు దాదాపు 40 డిగ్రీలు దిగువన ఉంటుంది. కొంచెం కలిసినా స్టవ్వు పేలిపోవచ్చు. నిప్పుకు దూరంగా వేలి మీద ఒక చుక్క వేసుకుని ఊదండి. పెట్రోలయితే చల్లగా తగిలి వెంటనే ఆరిపోతుంది. కిరసనాయిలు తడిగానే ఉంటుంది. అనుమానం వస్తే ఆ నూనె వాడవద్దు.

స్టవ్వు ఆర్పి, చల్లారిన తరువాతే నూనె పోయాలి. నూనె అంటుకుంటే నీళ్లు చల్లకూడదు. నూనె నీటి మీద తేలి మంటను మరింత పరుస్తుంది. ఇసుక చల్లండి, లేదా మందపాటి తడి గోనెసంచి కప్పండి. సూరత్ పాలియెస్టర్ చీరలకు పేరుపొందిన ఊరు కదా, ఇంకొక మాట చెప్పాలి. ఆ గుడ్డ మంట తగిలితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. పొయ్యి దగ్గర నూలు బట్టలే మేలు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరకు ఉంచాను. కిరసనాయిలును మంచినీళ్ల సీసాలో గానీ కూల్‌డ్రింకు సీసాలో గానీ ఎన్నడూ పోయవద్దు. దాహం వేసిన పసివాడికి అది నీళ్లలాగే కనిపిస్తుంది. పొరపాటున తాగితే వాంతి చేయించకూడదు. వాంతి అవుతున్నప్పుడు నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, ఆ సీసాను కూడా వెంట తీసుకువెళ్లాలి.

ఈరోజు ఇంటికి వెళ్లగానే మీరొక పని చేయండి. కిరసనాయిలు, పెట్రోలు, పెయింటు థిన్నరు ఇంట్లో ఎక్కడున్నాయో వెతకండి. ఏ సీసాలో ఉన్నాయి, దాని మీద పేరు రాసి ఉందా, చిన్నపిల్లల చేతికి అందుతుందా అని చూడండి. లోపం కనిపిస్తే అమ్మకు, నాన్నకు చెప్పి సరిదిద్దించండి. ఈ పాఠానికి అదే మీరు రాసే పరీక్ష.

సెలవు.