సన్నాయికి విశ్రాంతి

ఆషాఢము వచ్చునప్పటికి గోదావరికి ఎఱ్ఱనీరు దిగును; పెండ్లిపందిళ్లు విప్పుదురు. మాఘము మొదలు జ్యేష్ఠము వఱకు కోనసీమనుండి కొల్లేటి గట్టుదాక ఊరూర తిరిగిన సన్నాయి మేళములు ఇల్లు చేరును. ఆషాఢ, భాద్రపద, పుష్యములు శూన్యమాసములు. గురుమూఢమో శుక్రమూఢమో తోడైనచో మఱికొన్ని వారములు. వైద్యుడు చెప్పకయే పంచాంగము వాద్యకారునకు విశ్రాంతి విధించినది.

అయితే అది రాబడి లేని విశ్రాంతి. ముహూర్తపు దినములలో గడించినదే ఏడాదికంతటికిని ఆధారము. అందుచేత పని యున్ననాళ్లు పెదవి పగిలినను ఊదుట, పని లేనినాళ్లు వాద్యమును గుడ్డలో చుట్టి మూల నుంచుట కొందఱికి అలవాటైనది. రెండును విద్యకు చేటే యని మా అభిప్రాయము.

నాదస్వరము సుమారు మూడడుగుల వాద్యము. దాని ప్రాణమంతయు నోట నుంచుకొను చిన్న రెల్లుపీకలో నున్నది. మీటలు లేవు, గమకములను, శ్రుతి సూక్ష్మములను వ్రేళ్లతోను, ఊపిరితోను, పెదవుల బిగువుతోను సాధింపవలెను. ఎడతెగక బిగించి పట్టిన కండరమునకు రక్తప్రసారము తగ్గును. దానిని వదలుటయే దాని మందు. అలసిన పెదవికి బదులు పంటి బిగువు తెచ్చుకొన్నచో శ్రుతి చెడును, పీక చెడును, పెదవి వాచును. ఆ పైన ఊదినచో గాయము నెలల తరబడి మానకపోవచ్చును. వేణువునకు పీక లేదు గదా, శ్రమ యేమున్నదనరాదు. 1930లో శంకరగుప్తమున జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి తండ్రి పట్టాభిరామయ్యగారు వేణువు వాయించినవారు. ఆ వాద్యమునందును నాదము పుట్టునది పెదవి కూర్పువలననే.

కావున అరగంట ఊదిన పిదప పది నిమిషములు పీకను నోటినుండి తీయవలెను. పిల్లవాడు వాద్యము దింపగానే సోమరియని గద్దించు తలిదండ్రులున్నారు. దింపినంతమాత్రమున సాధన ఆగదు. స్వరములను నోట పాడుకొనవచ్చును; ఊదకయే వ్రేళ్లు నడుపవచ్చును; తప్పిన సంగతి ఎచ్చట తప్పెనో అప్పుడే తెలియును. బిగువు గల పీకవాద్యములను ఊదునపుడు కంటిలోని ఒత్తిడి తాత్కాలికముగా పెరుగునని వైద్య పరిశోధకులు కనుగొనిరి. నీటికాసుల వ్యాధి గలవారు వైద్యుని సలహా పొందుట మేలు.

మన మేళములో ఈ ధర్మము ఎన్నడో అమరియున్నది. ఇద్దఱు సన్నాయిలవారుందురు, ఒకరు రాగము నెత్తుకొన్నపుడు రెండవవారు ఊపిరి తీసుకొందురు. శ్రుతి ఎడతెగకుండుటకు ఒత్తు ఉండెడిది. నేడు శ్రుతిపెట్టె ఉన్నది. డోలువారు విజృంభించినపుడు సన్నాయి రెండును ఊరకుండును. దోమాడ చిట్టబ్బాయిగారి వంటి విద్వాంసులను చూచిన గోదావరి సీమలో ఇది క్రొత్తగా చెప్పవలసిన మాట కాదు. ఖర్చు తగ్గించుటకు ఒక్క సన్నాయినే పిలుచు పెండ్లిండ్లలో మాత్రము ఈ అమరిక చెడును.

ఇక నెలల విరామము. ఆషాఢమంతయు వాద్యము ముట్టక శ్రావణమున మొదటి ముహూర్తమునకే తెల్లవార్లు ఊదబూనుట ప్రమాదము. వ్రేళ్లు మఱవవు గాని పెదవి త్వరలోనే బిగువు కోల్పోవును. దినమునకు పదునైదు ఇరువది నిమిషములు, మంద్రస్థాయిలో దీర్ఘ స్వరములు మెల్లగా ఊదినను పట్టు నిలుచును. ఎండియున్న కఱ్ఱ లోపల మాత్రము ఊపిరి తేమకు ఉబ్బినచో చీలవచ్చును గనుక, చాలనాళ్లకు తీసిన వాద్యమును తొలినాడు కొద్దిసేపే ఊది, లోపల తుడిచి ఉంచవలెను. మన డెల్టా వానలలో పీకలకు బూజు పట్టును. వానిని మూతపెట్టెలో తడిగా దాచరాదు.

పెండ్లి చేయు గృహస్థులకు ఒక విన్నపము. ఎదురుసన్నాహము మొదలు అప్పగింతల వఱకు మేళము ఆగరాదని పట్టుపట్టుదురు. గట్టిమేళమునాటికి విద్వాంసుని పెదవి మొద్దుబారి యుండును. ముహూర్తమునకు ముందు ఒక గంట వారిని కూర్చుండనిచ్చి, గోరువెచ్చని నీరిచ్చి, భోజనము పెట్టుడు. ఆ గంటసేపు మైకులో సినిమా పాట పెట్టుకొన్నను మాకు అభ్యంతరము లేదు.