బందరులో మూడు దినాలు

"మచిలీపట్నం రేవులో మూడవ నంబరు ప్రమాద సూచికను ఎగురవేశారు." ఈ వాక్యాన్ని వినని తెలుగు శ్రోత ఉండడు. ఇరవై ఏండ్లుగా దీనిని చదువుతూ వచ్చినవారిలో మేమూ ఒకరము. కాని ఆ రేవును మాత్రం మొన్నమొన్నటి వరకు చూచి ఎరుగము.

మా స్వస్థలం పామూరు. భైరవకోన కొండలు మాకు దగ్గర, సముద్రం దూరం. చినుకు కోసం ఆకాశం వైపు చూచే మెట్టప్రాంతం మాది. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినదని రేడియోలో వినబడితే మా ఊరి రైతు ముఖం వికసిస్తుంది. చెరువులోకి నాలుగు నీళ్ళు వస్తాయన్న ఆశ. చిన్ననాటి నుండి మేము ఆ వార్తను ఆ చెవితోనే విన్నాము. ఉద్యోగంలో చేరిన తరువాత, నిజం చెప్పవలెనంటే, ఆ గొంతుతోనే చదివాము.

గత కార్తీకంలో నాలుగు రోజులు సెలవు దొరికినది. డెబ్బది ఏండ్లు దాటిన మా అమ్మగారు అంతవరకు సముద్రాన్ని చూడలేదు. కనిగిరి, పామూరు ప్రాంతాల భూగర్భజలంలో ఫ్లోరైడు అధికమన్న సంగతి చాలామందికి తెలిసినదే. ఆ నీరే త్రాగి పెరిగిన అమ్మగారికి మోకాళ్ళు సహకరించవు. బంధువులొకరు తమ కారు ఇస్తామన్నారు. కాని కారు ఎక్కితే అమ్మగారికి కడుపులో తిప్పుతుంది. అందుచేత బస్సు, రైలు, ఆటో, అవి లేనిచోట మెల్లగా నడక అని నిశ్చయించుకొని, ఆమె, మా ఇంటివారు, పదేండ్ల కుమారుడు, మేము, మొత్తం నలుగురము బయలుదేరాము.

పామూరు నుండి కనిగిరి మీదుగా ఒంగోలు వరకు బస్సు. అక్కడ రైలెక్కి చీరాల, బాపట్ల, తెనాలి దాటి విజయవాడ. అక్కడ బండి మారి గుడివాడ, పెడన మీదుగా మచిలీపట్నం. పట్టాలు అక్కడితో ముగుస్తాయి. గుడివాడ దాటిన దగ్గర నుండి కాలువలు, వరిచేలు తప్ప వేరేమీ కనబడలేదు. అమ్మగారు కిటికీ వదలలేదు. "ఇన్ని నీళ్ళు పెట్టుకొని వీళ్ళు ఏం జేసుకుంటార్రా?" అన్నారు. మా వద్ద సమాధానం లేదు.

మొదటి దినం ఊరు చూచాము. బందరు అంటే పారశీక భాషలో రేవు అనే అర్థం. క్రీస్తుశకం రెండవ శతాబ్దినాటి గ్రీకు భూగోళవేత్త టాలెమీ ఈ ప్రాంతాన్ని మైసోలియా అన్నాడు. గోలకొండ సుల్తానుల కాలంలో ఇది తూర్పుతీరానికి పెద్ద వాకిలి. డచ్చివారు 17వ శతాబ్ది ఆరంభంలోను, ఆంగ్లేయులు 1611లోను, తరువాత ఫ్రెంచివారును ఇక్కడ వర్తకానికి దిగారు. 1759లో ఫ్రెంచివారి నుండి కోటను ఆంగ్లేయులు గెలుచుకున్నారు. ఈ చరిత్రంతా గ్రంథాలలో ఉన్నదే. కాని నడిచేవాడికి అది పేటల పేర్లలో కూడా కనిపిస్తుంది. వలందపాలెం డచ్చివారిది. హాలెండు వారిని మనవారు వలందులన్నారు. పరాసుపేట ఫ్రెంచివారిది. ఇంగ్లీషుపాలెం ఎవరిదో చెప్పనక్కరలేదు. మూడు రాజ్యాల సరిహద్దులను ఒక పూటలో నడిచి దాటామని మా కుమారుడు గర్వపడ్డాడు. అమ్మగారు అడిగిన చోటనల్లా ఏదో ఒక అరుగు దొరికినది. అరుగు ఉన్న ఇంటివారు మంచినీళ్ళు ఇచ్చి, ఏ ఊరని అడిగారు. డచ్చివారి శ్మశానవాటికలో, వర్తకానికి వచ్చి ఇల్లు చేరని వారి సమాధుల ముందు కొంతసేపు నిలిచాము.

రెండవ దినం పెడన వెళ్ళాము. బస్సులో అరగంట ప్రయాణం. శ్రీకాళహస్తిలో కలంకారీ కలంతో వ్రాస్తారు. ఇక్కడ టేకు అచ్చులతో అద్దుతారు. గుడ్డను కరక్కాయ రసంలో తడిపి, ఆరబెట్టి, అచ్చు వేసి, పారే నీటిలో జాడించి, రాగి కాగుల్లో రంగు ఉడికిస్తారు. పారే నీరు లేనిచోట ఈ పని సాగదట. మా ప్రాంతంలో ఇది ఎందుకు పుట్టలేదో అప్పుడు బోధపడినది. సాయంకాలం చిలకలపూడి పాండురంగస్వామి దర్శనం చేసుకొని, కోనేరు సెంటరులో బందరు లడ్డు కొన్నాము. బెల్లపు పాకంతో దంచి చేసే ఆ తొక్కుడు లడ్డు పళ్ళులేనివారికి అనుకూలమని అమ్మగారి అభిప్రాయం.

మూడవ దినం మంగినపూడి. ఊరికి పదకొండు కిలోమీటర్లు. అక్కడ తీరం నల్లని నేల, అలలు చిన్నవి, చాలా దూరం లోతు ఉండదు. అమ్మగారు మా భుజం పట్టుకొని మోకాలి లోతు వరకు వచ్చి, దోసిట నీరు తీసుకొని నాలుకకు తాకించి, "ఇది గూడా తాగేదానికి పనికిరాదా!" అన్నారు. ఆ మాటలో ఆశ్చర్యంకన్న అలసట ఎక్కువ.

తిరుగు బస్సు గంటన్నర దాటినా రాలేదు. కారు లేనందుకు ఆ ప్రయాణంలో మేము పశ్చాత్తాపపడినది అప్పుడొక్కసారే. చివరకు చేపలగంపలతో వెళుతున్న స్త్రీలు తమ ఆటో ఆపి, సర్దుకొని, అమ్మగారికి చోటిచ్చారు. రేవు చూడాలని ఉన్నదంటే వారిలో ఒకామె, "మా మామ గిలకలదిండిలోనే ఉంటాడు, చూపిస్తాడు రండి" అన్నది.

గిలకలదిండి చేపల రేవు. పెద్ద ఓడలు ఇక్కడికి రావు. సముద్రం లోతు తక్కువ కావడం వలన పూర్వం కూడా ఓడలు దూరాన లంగరు వేసేవి, సరుకును పడవలమీద చేరవేసేవారు. ఒండ్రు పేరుకొన్నది. వర్తకం కాకినాడకు, 1933 తరువాత విశాఖకు తరలినది. 2023 మే నెలలో కొత్త రేవు నిర్మాణానికి పనులు ప్రారంభించారు. ఊరంతా దానిమీద ఆశ పెట్టుకొని ఉన్నది.

ఆ వృద్ధుడు మాకు సూచికల స్తంభాన్ని చూపాడు. ఆ దినం దానిమీద ఏమీ లేదు. ఎగురవేసేది జెండా అనుకుంటూ వచ్చాము. జెండా కాదట. పగలు శంకువులు, పీపాల వంటి ఆకారాలు, రాత్రి ఎర్రని, తెల్లని దీపాలు. మా వృత్తి చెప్పగానే ఆయన మమ్ములను తేరిపార చూచి ఇట్లన్నాడు: "నంబరు చదువుతారు బాబూ. నంబరంటే ఏమిటో చెప్పరు. మాకు తెలుసు. కొత్తగా పడవెక్కే కుర్రాళ్ళకు ఎవరు చెబుతారు?"

మేము తల వంచుకున్నాము. ఇరవై ఏండ్లు చదివిన పదకొండు నంబర్ల అర్థం ఆయన నోట విన్నాము. ఒకటి, రెండు దూరపు హెచ్చరికలు. మూడు అంటే ఈదురుగాలులు రేవును తాకవచ్చును. అయిదు మొదలు ఏడు వరకు ప్రమాదం. ఎనిమిది, తొమ్మిది, పది మహాప్రమాదం. పదకొండు అంటే వాతావరణ కార్యాలయంతో సంబంధమే తెగిపోయినది.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రం ఈ ఊరిమీద పడి సుమారు 30,000 మందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న దివిసీమ మునిగినది. ఆయన అప్పటికి బాలుడు. దానిని గూర్చి మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. ఈనాడు రాడారులున్నవి, తుఫాను ఆశ్రయభవనాలున్నవి. అయినా పడవ మీద ఉన్నవాడికి ముందుగా చేరవలసినది మాటే.

ఆ రాత్రి బసలో ఉండగా రేడియోలో మా సహోద్యోగి కంఠం వినిపించినది. బంగాళాఖాతంలో అల్పపీడనం, మచిలీపట్నం రేవులో ఒకటవ నంబరు సూచిక. అమ్మగారు లేచి కూర్చుని, "మనూళ్ళో వాన పడద్దిరా!" అన్నారు. వెంటనే ఆగి, "ఆ ముసలాయన పడవ కట్టేసుకున్నాడో లేదో" అన్నారు.

తిరిగి విధులలో చేరిన తరువాత నంబరుతోపాటు దాని అర్థాన్ని కూడా ఒక వాక్యంలో చేర్చి చదువుతున్నాము. అందుకు పట్టేది పది సెకనులు.

సెలవులలో ఎక్కడికి వెళదామా అని ఆలోచించే శ్రోతలకు మా మనవి ఒక్కటే. బందరుకు మూడు దినాలు చాలును. పేటలకు కాళ్ళు, పెడనకు బస్సు, రేవుకు ఆటో సరిపోతాయి. మంగినపూడికి మాత్రం ఉదయమే బయలుదేరండి. తిరుగు బస్సు ఎప్పుడో ముందే కనుక్కోండి. అది రాకపోతే, చేపలగంపల ఆటో ఆపడానికి సంకోచించకండి.